డైవ్ కంప్యూటర్: అది చెప్పునది, చెప్పనిది

నందిగామ బస్టాండు వద్ద వేసవి మధ్యాహ్నము గోళీసోడా కొట్టించుకొని త్రాగనివారు అరుదు. గోళీ క్రిందికి దిగగానే చప్పుడగును. అంతవరకు నిశ్చలముగా ఉన్న నీటినుండి వేలకొలది బుడగలు పైకి లేచును. ఆ బుడగలు అప్పటికప్పుడు సీసాలోనికి వచ్చినవి కావు. బొగ్గుపులుసు వాయువు పీడనము వలన నీటిలో కరగి యున్నది. పీడనము తొలగగానే బయటపడినది. ఈ సంగతి ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడ చెప్పగలడు. కాని సీసాలో జరిగిన ఈ పని మనుష్యుని రక్తములో, కీళ్ళలో, వెన్నుపాములో జరిగినచో ఏమగునో ఆలోచించువారు తక్కువ. గాలి సిలిండరు వీపున కట్టుకొని సముద్రములో మునుగు స్కూబా క్రీడాకారునికి ఆ ప్రమాదమే పొంచియున్నది. దానిని తప్పించుటకు అతడు ముంజేతికి కట్టుకొను చిన్న పరికరమునే డైవ్ కంప్యూటర్ అందురు.

కృష్ణా జిల్లా మెట్ట భాగమున ఉండి, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల పిల్లలకు ఈత క్రొత్త కాదు. వేదాద్రి, ముక్త్యాల రేవులలో కృష్ణ ఉన్నది, నందిగామ ప్రక్కనే మున్నేరు ఉన్నది, ఊరూర బావులున్నవి. స్కూబా మాత్రము క్రొత్త. విజయవాడలో రాత్రి రైలెక్కినచో తెల్లవారుసరికి విశాఖపట్నము చేరవచ్చును. అచ్చట ఋషికొండ తీరమున శిక్షకుల వెంట నీటి అడుగునకు దిగివచ్చు సదుపాయము ఏర్పడినది. ఒకసారి దిగి వచ్చిన యువకునికి రెండవసారి దిగవలెనని కోరిక పుట్టును. పిమ్మట సొంత పరికరము కొనవలెనని పుట్టును. అప్పుడు అతనికి మొదట ఎదురగునవి ప్రకటనలు. రంగుల తెర, సెల్‌ఫోనుతో సంబంధము, చేతిగడియారమువలె నాజూకు రూపము, వీనిని గూర్చి ప్రకటనలు మిక్కిలి చెప్పును. ఆ పరికరము దేనిని కొలుచును, దేనిని కొలువదు అను ముఖ్యవిషయమును గూర్చి మాత్రము మిక్కిలి తక్కువ చెప్పును. ఈ పరికరమును విమర్శించి చూడవలసిన చోటు అదియే.

బావిలోని బాలుడు, సముద్రములోని స్కూబాధారి

నీటిలో ప్రతి పది మీటర్ల లోతునకు సుమారు ఒక వాతావరణ పీడనము పెరుగును. ఉపరితలమున ఒకటి, పది మీటర్ల వద్ద రెండు, ముప్పది మీటర్ల వద్ద నాలుగు. బావిలో రాతిగట్టు మీదనుండి దూకి, అడుగునున్న మట్టి తెచ్చి చూపించు బాలుడు కూడ ఈ పీడనమునకు లోనగుచున్నాడు. అయినను అతడు ఒక్క ఊపిరి గాలిని మాత్రమే లోనికి తీసికొనిపోవును. అడుగున అతని ఊపిరితిత్తులు కుదించుకొని, పైకి వచ్చుసరికి తిరిగి మొదటి పరిమాణమునకు వచ్చును. ఒకటి రెండు నిమిషముల పనిలో అతని శరీరములో అదనముగా కరగు నత్రజని స్వల్పము.

స్కూబాధారి సంగతి వేరు. అతని నోటనున్న రెగ్యులేటరు చుట్టునున్న నీటి పీడనముతో సమానమైన పీడనముగల గాలిని అందించును. ముప్పది మీటర్ల వద్ద అతడు పీల్చు ప్రతి ఊపిరిలోను ఉపరితలమున పీల్చుదానికి నాలుగింతల గాలి ఇమిడియుండును. గాలిలో ఐదింట నాలుగు పాళ్ళు నత్రజనియే. శరీరము దానిని ఉపయోగించుకొనదు. హెన్రీ సూత్రము ననుసరించి రక్తములో, కొవ్వులో, కండరములలో అది కరగుచునే యుండును. లోతు హెచ్చినకొలది, కాలము గడచినకొలది కరగిన మొత్తము పెరుగును. నెమ్మదిగా పైకి వచ్చినచో ఆ నత్రజని ఊపిరితిత్తుల ద్వారమున వెడలిపోవును. తొందరపడినచో గోళీసోడా కథయే. కీళ్ళనొప్పి, చర్మముపై మచ్చలు, తిమ్మిరి, మితిమీరిన అలసట, ఒక్కొక్కప్పుడు పక్షవాతము కలుగును. దీనినే డీకంప్రెషన్ రుగ్మత అనియు, వాడుకలో బెండ్స్ అనియు పిలుతురు.

ఇచ్చట ఇంకొక ప్రమాదమును వేరుగా గుర్తింపవలెను. సిలిండరు గాలిని పీల్చుచున్నవాడు ఊపిరి బిగబట్టి పైకి రారాదు. బాయిల్ సూత్రము ప్రకారము పది మీటర్ల వద్ద ఊపిరితిత్తులలోనున్న గాలి ఉపరితలము చేరుసరికి రెండింతలగును. బయటకు పోవు దారి లేనిచో ఊపిరితిత్తులు చిట్లును. ఒకటి రెండు మీటర్ల లోతునుండియు ఇట్టి ప్రమాదము సంభవింపవచ్చును. బావిలో ఊపిరి బిగబట్టుట నేర్చిన మంచి ఈతగాడే ఈ పొరపాటు చేయుటకు ఎక్కువ అవకాశము గలవాడు. ఎంత వెలగల డైవ్ కంప్యూటరైనను దీనిని ఆపజాలదు.

మేకల నుండి మణికట్టు వరకు

నత్రజని బుడగలే ఈ రుగ్మతకు కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో ప్రకటించిన గ్రంథమున నిరూపించినాడు. ఎంత నెమ్మదిగా పైకి రావలెనను లెక్కను బ్రిటిషు శరీరశాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ తేల్చినాడు. బ్రిటిషు నౌకాదళము కొరకు ఆయన మేకలను పీడనపు గదిలో ఉంచి పరీక్షించి, ఇద్దరు సహచరులతో కలసి 1908లో ఫలితములను ప్రచురించినాడు. శరీరమంతయు ఒకే వేగముతో నత్రజనిని పీల్చుకొనదని ఆయన గ్రహించినాడు. అందుచే 5, 10, 20, 40, 75 నిమిషముల అర్ధకాలములుగల ఐదు కాల్పనిక కణజాలములను ఊహించినాడు. పీడనము సగమునకు తగ్గువరకు ప్రమాదము లేదనియు, అంతకు మించి తగ్గునపుడు నడుమ ఆగవలెననియు సూత్రీకరించినాడు.

ఈ హాల్డేన్ కుమారుడే 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున మరణించిన జె.బి.ఎస్. హాల్డేన్. పిఠాపురమున జన్మించిన జన్యుశాస్త్రజ్ఞుడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. జె.బి.ఎస్. బాలుడై యుండగనే తండ్రి ప్రయోగములలో భాగముగా సముద్రమున మునిగినాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున తన శరీరము మీదనే పీడన ప్రయోగములు చేసికొన్నాడు. డైవ్ కంప్యూటరు తెరమీద నేడు కనబడు అంకె వెనుక ఇట్టివారి పరిశ్రమ ఉన్నది.

ఆ లెక్కను చేతిపట్టికలనుండి యంత్రములోనికి మార్చు యత్నము 1950లలో మొదలైనది. 1959లో ఇటలీలో వెలువడిన ఒక పరికరములో విద్యుత్తు లేదు. సన్నని రంధ్రములుగల పింగాణి దిమ్మెగుండ వాయువు నెమ్మదిగా ప్రవహించుటయే దానికి శరీరపు నమూనా. 1965లో అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ వర్క్‌మన్, వేగముగా నిండు కణజాలములు హాల్డేన్ చెప్పినదానికంటె ఎక్కువ నత్రజనిని సహించుననియు, నెమ్మదిగా నిండునవి తక్కువ సహించుననియు లెక్కకట్టినాడు. జ్యూరిక్ నగరపు ఆచార్యుడు ఆల్బర్ట్ బ్యూల్మన్ 1980లలో పదునారు కణజాలముల పద్ధతిని రూపొందించినాడు. 1983 నుండి ఎలక్ట్రానిక్ డైవ్ కంప్యూటర్లు విపణికి వచ్చినవి. నేడు అమ్ముడగు అనేక పరికరములలో బ్యూల్మన్ పద్ధతియే పని చేయుచున్నది.

లోపల జరుగు లెక్క

ఈ లెక్క పదవ తరగతి విద్యార్థి నల్లబల్ల మీద వేయగలిగినంత సులభము. ఒకడు ముప్పది మీటర్ల లోతున ఇరువది నిమిషములు ఉన్నాడనుకొనుడు. అచ్చట పీడనము 4 వాతావరణములు. అందులో నత్రజని వాటా 79 శాతము, అనగా 3.16. దిగకముందు శరీరమున ఉన్నది 0.79. తేడా 2.37.

ఐదు నిమిషముల అర్ధకాలముగల కణజాలము మొదటి ఐదు నిమిషములలో ఈ తేడాలో సగము నిండును. మిగిలిన దానిలో సగము తరువాతి ఐదు నిమిషములలో నిండును. ఇరువది నిమిషములకు నాలుగు అర్ధకాలములు గడచి, తేడాలో పదునారింట పదునైదు పాళ్ళు నిండును. దాని నత్రజని పీడనము సుమారు 3.01 అగును. ఎనుబది నిమిషముల అర్ధకాలముగల మందకొడి కణజాలము అదే కాలములో ఆరింట ఒక పాలు మాత్రమే నిండి సుమారు 1.17కు చేరును.

తరువాత అతడు పైకి వచ్చి పడవలో ఒక గంట కూర్చున్నాడు. వేగపు కణజాలమునకు పన్నెండు అర్ధకాలములు గడచినవి. దానిలోని అదనపు నత్రజని 4096వ వంతుకు తగ్గినది, అనగా లేనట్లే. మందకొడి కణజాలములోని అదనము 0.38 నుండి 0.22కు మాత్రమే తగ్గినది. రెండవసారి దిగువాడు, తనకు ఎంత విశ్రాంతిగా ఉన్నట్లు తోచినను, పాత బాకీతోనే దిగుచున్నాడు. ఈ బాకీని గుర్తుంచుకొనుటయే డైవ్ కంప్యూటరు చేయు ప్రధాన కార్యము. కొన్ని క్షణముల కొకసారి పీడనమును కొలిచి, ప్రతి కాల్పనిక కణజాలమున ఎంత నత్రజని ఉన్నదో లెక్కించి, ఆగకుండ పైకి రాదగిన గడువు ఇంకను ఎన్ని నిమిషములున్నదో తెరమీద చూపును. ఈ గడువునే పరికరముల మీద ఎన్.డి.ఎల్. అని వ్రాయుదురు.

దాని సుగుణము

పాత పద్ధతిలో ముద్రించిన పట్టికలుండెడివి. అవి నేటికిని శిక్షణలో ఉపకరించుచున్నవి. పి.ఏ.డి.ఐ. అను శిక్షణసంస్థ పట్టిక ప్రకారము మొదటి మునకకు 18 మీటర్ల వద్ద 56 నిమిషములు, 30 మీటర్ల వద్ద 20 నిమిషములు గడువు. కాని పట్టికకు తెలిసినది గరిష్ఠ లోతు ఒక్కటియే. ముప్పది మీటర్లకు ఒక్కసారి దిగి, మిగిలిన కాలమంతయు పది మీటర్లలో గడపినవానిని కూడ అది ఇరువది నిమిషములు ముప్పది మీటర్లలోనే ఉన్నట్లు లెక్కించును. కంప్యూటరు ప్రతి లోతును, ప్రతి నిమిషమును వేరువేరుగా లెక్కలోనికి తీసికొనును. పైకి వచ్చు వేగము నిమిషమునకు తొమ్మిది పది మీటర్లు దాటినచో హెచ్చరించును. ఐదు మీటర్ల వద్ద మూడు నిమిషములు ఆగుమని గుర్తుచేయును. మరపు, తొందర, కూడికలలో తప్పు, ఈ మూడింటి నుండి మనుష్యుని కాపాడుట చిన్న మేలు కాదు. ఈ విషయమున దానిని ఎంత మెచ్చుకొన్నను తగును.

దాని లోపము

అయినను ఒక్క మాట మరువరాదు. డైవ్ కంప్యూటరు రక్తమును పరీక్షింపదు. దానికి తెలిసినవి పీడనము, కాలము మాత్రమే. కొన్నిటికి నీటి చలి, సిలిండరులోని గాలి పీడనము కూడ తెలియును. అది లెక్కించునది ధరించినవాని శరీరమును కాదు, గణితజ్ఞుడు ఊహించిన శరీరమును. ఆ ఊహాశరీరమునకు వయస్సు లేదు, స్థూలకాయము లేదు, రాత్రి రైలులో నిద్రలేమి లేదు, ఎండలో నీళ్ళు త్రాగక కలిగిన శోష లేదు. తెరమీద పది నిమిషముల గడువు మిగిలియుండగనే పైకి వచ్చినవానికి బెండ్స్ కలిగిన సందర్భములు వైద్యులకు తెలిసినవే. గడువనగా ఒక ప్రక్క క్షేమము, రెండవ ప్రక్క అపాయము ఉన్న గోడ కాదు. అది వాలు నేలమీద గీచిన ముగ్గుగీత. గీతకు దూరముగా ఉన్నకొలది మేలు. పైకి వచ్చిన పిమ్మట నొప్పి గాని తిమ్మిరి గాని తోచినచో యంత్రమును నమ్మరాదు, నొప్పిని నమ్మవలెను. తిరిగి నీటిలో దిగరాదు. ఆమ్లజని, అనగా స్వచ్ఛమైన ఆక్సిజన్, పీల్పించుచు వెంటనే వైద్యుని వద్దకు చేర్చవలెను.

రెండవ లోపము, యంత్రములన్నియు ఒకే మాట చెప్పకపోవుట. ఒకే పడవనుండి దిగి, ఒకే లోతున తిరిగిన ఇద్దరి చేతులమీద వేరువేరు గడువులు కనబడవచ్చును. ఒక కంపెనీ బ్యూల్మన్ లెక్కను వాడును. మరియొకటి బుడగల పెరుగుదలను కూడ ఊహించు లెక్కను వాడును. ఒకే లెక్కలోను జాగ్రత్త పాలు ఎక్కువ తక్కువలు పెట్టుదురు. ఇందులో ఎవరిది సత్యమని వాదించుట వ్యర్థము. ఇద్దరు జంటగా మునుగునపుడు తక్కువ గడువు చూపినదానినే ఇద్దరును పాటింపవలెను. శాస్త్రజ్ఞుల అభిప్రాయములును మారుచున్నవి. పైకి వచ్చునపుడు మిక్కిలి లోతునందే మొదటి విరామములు తీసికొనుట మేలని కొంతకాలము గట్టిగా నమ్మిరి. అమెరికా నౌకాదళపు ప్రయోగశాల మనుష్యులను 170 అడుగుల లోతునకు సమానమైన పీడనమున ఉంచి పరీక్షించి, 2011లో ఫలితములను ప్రకటించినది. లోతు విరామముల పద్ధతిలోనే రుగ్మత ఎక్కువగా కనబడినది. కొత్త అను మాట మేలైనది అను మాటకు పర్యాయపదము కాదనుటకు ఇది నిదర్శనము.

మూడవది, ముద్రను గూర్చినది. అనేక పరికరముల మీద ఇ.ఎన్. 13319 అను ఐరోపా ప్రమాణపు సంఖ్య ఉండును. కొనువాడు దానిని చూచి పరికరమంతయు పరీక్షకు నిలిచినదని తలచును. ఆ ప్రమాణము లోతును, కాలమును కొలుచుటకు సంబంధించినది. నత్రజని లెక్కకు అది పూచీ కాదు. త్రాసు మీద తూనికల శాఖ ముద్ర ఉన్నంతమాత్రమున బియ్యము మంచిదని చెప్పలేము గదా!

ఉప్పునీరు, మంచినీరు

మెట్ట ప్రాంతపు ఉపాధ్యాయునికి సహజముగా కలుగు సందేహమొకటి ఉన్నది. సముద్రమునకై చేసిన పరికరము కృష్ణలో సరిగా పనిచేయునా? సముద్రపు నీరు మంచినీటికంటె రెండున్నర, మూడు శాతము బరువు. సముద్రమునకు అమర్చిన పరికరము మంచినీటిలో ఇరువది మీటర్ల వద్ద సుమారు పందొమ్మిదిన్నర అని చూపును. ఇది అపాయమని కొందరు భయపడుదురు. కాని పరికరము నిజముగా కొలుచునది లోతును కాదు, పీడనమును. నత్రజని కరగుట కూడ పీడనము మీదనే ఆధారపడియున్నది. కనుక లోతు అంకె కొంచెము తప్పినను నత్రజని లెక్క తప్పదు. పాదరసపు భారమితిలో చూచినది మిల్లీమీటర్ల ఎత్తు అయినను, కొలిచినది వాయుపీడనమైనట్లే ఇదియు.

నీటి ఉపరితలము సముద్రమట్టమునకు ఎంత ఎత్తున ఉన్నదను సంగతి మాత్రము ముఖ్యము. ఎత్తైన ప్రదేశములలో వాయుపీడనము తక్కువ. పైకి వచ్చినవాడు ఇంకను తక్కువ పీడనమునకు లోనగును. ముక్త్యాల సమీపమున 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయపు నిండు నీటిమట్టము సముద్రమట్టమునకు 53.34 మీటర్ల ఎత్తు మాత్రమే. అనేక పరికరములు 300 మీటర్ల వరకు సముద్రమట్టముగనే భావించును. కావున ఈ ప్రాంతమున ఎత్తు సమస్య లేదు. సమస్య మరియొకటి: బురదనీరు. 2024 సెప్టెంబరు వరదలలో ప్రకాశం బ్యారేజి గేట్లను పడవలు ఢీకొన్నపుడు, మునిగిన పడవలను తొలగించుటకు నీటిలో మునుగు పనివారు దిగవలసివచ్చినది. అట్టి నీటిలో కంటికి ఎదుట పెట్టుకొన్న తెర కూడ కనబడుట కష్టము. కనబడని కంప్యూటరు లేనిదానితో సమానము. అది వృత్తినిపుణుల పని. వినోదము కొరకు మునుగువాడు నదులలో, జలాశయములలో, నీరు నిలిచిన సున్నపురాతి గనులలో శిక్షకుడు, అనుమతి లేకుండ దిగరాదు.

ఎన్నుకొనునపుడు

పరికరమును ఎన్నుకొనువాడు అడుగవలసిన ప్రశ్నలు కొన్నియే. మసకనీటిలో గడువు అంకె ఒక్క చూపున కనబడునా? లోతు, గడచిన కాలము, గడువు, ఈ మూడును ఏ మీట నొక్కకుండ ఒకేచోట ఉన్నవా? రంగుల తెరకంటె ఈ మూడంకెల పరిమాణమే విలువైనది. జాగ్రత్త పాలును పెంచుకొను అవకాశమున్నదా? బ్యాటరీని తానే మార్చుకొనవచ్చునా, లేక కంపెనీకి పంపవలెనా? ఏ లెక్కను ఉపయోగించుచున్నదో కంపెనీ తన పుస్తకమున స్పష్టముగా చెప్పినదా? చెప్పనిదానిని అనుమానించుట మంచిది.

ఆమ్లజని పాలు హెచ్చించిన గాలిని, అనగా నైట్రాక్సును, లెక్కింపగల పరికరమును కొనుట మేలు. అయితే ఆ సదుపాయము రెండంచుల కత్తి. సిలిండరులో మామూలు గాలి ఉండగా పరికరమున 32 శాతము ఆమ్లజని అని అమర్చినచో, అది నత్రజనిని తక్కువగా లెక్కించి ఎక్కువ గడువు చూపును. దీనికి విరుద్ధమైన తప్పును తక్కువ అపాయకరము కాదు. 32 శాతపు మిశ్రమమును ఆమ్లజని పీడనము 1.4కు మించకుండ వాడవలెనన్నచో లోతు సుమారు 33 మీటర్లు దాటరాదు. మామూలు గాలియని అమర్చిన పరికరము ఆ హద్దును చూపదు. సిలిండరులో ఏమున్నదో పరికరము తానుగా కనుగొనలేదు. మనుష్యుడు చెప్పినదానినే నమ్మును.

సిలిండరు పీడనమును తీగ లేకుండ తెరమీద చూపు సదుపాయము సుఖమే గాని అత్యవసరము కాదు. మామూలు ముల్లుగల మాపకము ఆ పని చేయును. సెల్‌ఫోనునకు చిత్రపటములు పంపుట వినోదము మాత్రమే. అద్దెకు తీసికొనువాడు మరియొక విషయము గుర్తింపవలెను. ఉదయము ఒకని చేతనున్న పరికరమును మధ్యాహ్నము మరొకని చేతికి కట్టినచో అది మొదటివాని బాకీని రెండవవాని పద్దున వ్రాయును. మొదటివాని బాకీ ఏ పద్దునను ఉండదు. ఇద్దరికి ఒక కంప్యూటరు చాలుననుట, ఇద్దరు రోగులకు ఒక జ్వరమాపకము చూచి ఒకే మందు ఇచ్చుట వంటిది.

అరకు ప్రశ్న

పైన చెప్పిన లోపములన్నియు ఒక్కచోట కూడు సందర్భము ఈ ప్రాంతమువారికి మిక్కిలి పరిచితమైనదే. జగ్గయ్యపేటనుండి గాని నందిగామనుండి గాని విశాఖకు విహారయాత్ర వెళ్ళువారు అరకులోయను చూడక తిరిగిరారు. సాధారణ క్రమమేమనగా, మొదటి దినము సముద్రము, రెండవ దినము అరకు. సమయము తక్కువైనచో ఉదయము సముద్రము, మధ్యాహ్న భోజనము కాగానే కారులో అరకు. స్కూబా లేనంతవరకు ఈ క్రమమున దోషము లేదు.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. రైలుమార్గము శిమిలిగుడ వద్ద సుమారు 1000 మీటర్ల ఎత్తును చేరును. అచ్చట వాయుపీడనము సముద్రతీరమున ఉన్నదానిలో సుమారు 89 శాతము. మునక ముగించి తీరమున కూర్చున్నవాని శరీరమున మందకొడి కణజాలములు ఇంకను బాకీ తీర్చుచునే యుండును. ఆ స్థితిలో కొండ ఎక్కుట అనగా నీటిలోనుండి మరికొంత పైకి వచ్చుటయే. గోళీ కొంచెము దిగిన సీసాలో గోళీని ఇంకొంచెము నొక్కినట్లగును. మునక తరువాత విమానమెక్కుటను గూర్చి 2002లో నిపుణులు సమావేశమై చేసిన సూచనలు నేటికిని ప్రమాణములుగా ఉన్నవి. విరామము అవసరము లేని ఒక్క మునక తరువాత కనీసము 12 గంటలు, పలు మునకల తరువాత కనీసము 18 గంటలు, విరామములు అవసరమైన మునకల తరువాత అంతకును ఎక్కువ కాలము వేచియుండవలెను. విమానపు గదిలో 2000 నుండి 8000 అడుగుల ఎత్తుకు సమానమైన పీడనమునకు ఈ సూచనలు వర్తించును. అరకు 2000 అడుగుల పైమాటే. కొండ కదలదు, విమానము ఎగురును అను భేదము నత్రజనికి తెలియదు.

శిక్షకుని చేయిపట్టుకొని చేయు పరిచయపు మునక లోతు తక్కువ, కాలము తక్కువ. దాని వలన ప్రమాదము స్వల్పము. అయినను స్వల్పమైన ప్రమాదమును ఊరకనే నెత్తిన పెట్టుకొనుటలో అర్థము లేదు. శిక్షణ పొంది రెండు మూడు మునకలు చేసినవానికి ఇది ఉపేక్షింపదగిన విషయము కానే కాదు. చాల పరికరములు మునక తరువాత విమానపు బొమ్మను చూపి, ఎన్ని గంటలు వేచియుండవలెనో తెలుపును. కాని కొండబొమ్మను చూపవు. విమానమెక్కుట లేదుగదా యని ఆ అంకెను లెక్కచేయనివాడు కారెక్కి అనంతగిరి మలుపులలో సాగిపోవును. పరికరము అబద్ధమాడలేదు, దానికి అరకు ఉన్నదని తెలియదు. అడుగవలసిన ప్రశ్న అడుగకపోవుట మనుష్యుని తప్పు.

దీనికి ఖర్చులేని పరిష్కారమొకటి ఉన్నది: ముందు అరకు, తరువాత సముద్రము. కొండనుండి దిగివచ్చి మునిగినచో చిక్కు లేదు. మునక ముగించి రాత్రి రైలులో తిరిగివచ్చువాడు తీరపు మైదానముగుండనే ప్రయాణించి, నూరు మీటర్ల ఎత్తైనను లేని తన ఊరు చేరును. యాత్ర నేర్పరచు ఉపాధ్యాయుడు కాగితము మీద రెండు పంక్తులను తారుమారు చేసినచో చాలును.

తరగతి గదిలో

హెన్రీ సూత్రము, బాయిల్ సూత్రము, అర్ధకాలము వేరువేరు పాఠములుగా, వేరువేరు తరగతులలో, పరీక్షకొరకు నేర్చుకొనబడుచున్నవి. ఈ మూడును ఒక్క చేతిపట్టీలో కలసి పనిచేయుట చూపినచో విద్యార్థికి సూత్రము మీద గౌరవము కలుగును. గోళీసోడా ఒకటి, గ్రాఫుకాగితము ఒకటి ఉన్నచో చాలును. ఐదు, ఇరువది, ఎనుబది నిమిషముల అర్ధకాలములకు మూడు వక్రరేఖలు గీయించవలెను. ముప్పది మీటర్లలో ఇరువది నిమిషములు, పడవలో ఒక గంట, మరల పదునెనిమిది మీటర్లలో ముప్పది నిమిషములు గడచినపుడు ప్రతి రేఖ ఎట్లు లేచి, ఎట్లు దిగునో చూపవలెను. ఏ రేఖ చివరివరకు దిగకుండ మిగిలియుండునో చూచిన విద్యార్థి అరకు ప్రశ్నకు తానే సమాధానము చెప్పును.

అంకెలు చూపు పరికరములు నేడు అన్ని చేతులమీదను ఉన్నవి. నడచిన అడుగులు, గుండె కొట్టుకొనుట, నిద్ర, అన్నిటిని అవి లెక్కించుచున్నవి. ఏ అంకె కొలత, ఏ అంకె ఊహ అని అడుగు అలవాటు మాత్రము అంత వేగముగా వ్యాపించలేదు. డైవ్ కంప్యూటరులో పీడనము కొలత, నత్రజని ఊహ, గడువు ఆ ఊహమీద కట్టిన సలహా. ఈ మూడింటి భేదమును తెలిసినవాని చేత అతి సామాన్యమైన పరికరము కూడ ప్రాణరక్షకమగును. తెలియనివాని చేత అత్యంత ఖరీదైనదియు అందమైన గడియారము మాత్రమే.